సీ డ్రైవ్ ఎర్రబడకుండా, ఫొటోలు పోకుండా: కొత్త కంప్యూటర్‌కి ఏ డ్రైవులు కొనాలి

మీరు అడిగింది క్లుప్తంగా ఇది. విజయవాడ సత్యనారాయణపురంలో ఇల్లు. కొత్త కంప్యూటర్ అసెంబుల్ చేయిస్తున్నారు. అబ్బాయి బీటెక్ రెండో సంవత్సరం, పగలు కోడింగ్, రాత్రి గేమ్స్. మీ ఆవిడగారు ఫోన్‌లో వంట వీడియోలు తీసి ఎడిట్ చేస్తారు. మీకు ట్యాలీ పని. పాత కంప్యూటర్‌లో ఫొటోలు, వీడియోలు కలిపి 400 జీబీ ఉన్నాయి. షాపువాళ్ళు ఇచ్చిన కొటేషన్‌లో ఇంటెల్ బీ760 బోర్డు, 256 జీబీ సాటా ఎస్‌ఎస్‌డీ (తిరిగే పళ్ళెం లేకుండా చిప్పుల్లో డేటా దాచే డ్రైవ్; సాటా అంటే పాత, నెమ్మది రకం కనెక్షన్), 2 టీబీ హార్డ్ డిస్క్ ఉన్నాయి. అబ్బాయేమో అవన్నీ కొట్టేసి 2 టీబీ జెన్ 5 ఎన్‌వీఎంఈ (సాటా కంటే వేగమైన ఎస్‌ఎస్‌డీ; జెన్ అంటే తరం, అంకె పెరిగితే వేగం పెరుగుతుంది) ఒక్కటి వేసుకుందాం అంటున్నాడు. ఎవరి మాట వినాలి?

ఇద్దరి మాటా సగం సగం వినండి. గవర్నర్‌పేటలో ఇరవై రెండేళ్ళుగా సిస్టమ్స్ బిగిస్తున్నాను, రిపేర్లు చేస్తున్నాను. నాకే అయితే 1 టీబీ జెన్ 4 ఎన్‌వీఎంఈ, లోపల 2 టీబీ హార్డ్ డిస్క్, బయట యూఎస్‌బీకి పెట్టుకునే 2 టీబీ పోర్టబుల్ డిస్క్ ఇంకొకటి వేసుకుంటాను. ఈ మూడోది వాళ్ళిద్దరి లిస్టులోనూ లేదు. నా దృష్టిలో ముందు కొనాల్సింది అదే. ఎందుకో చెప్తాను గానీ ముందు అబ్బాయి సంగతి చూద్దాం.

బీ760 బోర్డులో గ్రాఫిక్స్ కార్డు స్లాటు జెన్ 5 అయి ఉండొచ్చు. ఎన్‌వీఎంఈ డ్రైవ్ బిగించే ఎం.2 స్లాట్లు మాత్రం జెన్ 4 వే. జెన్ 5 డ్రైవ్ తెచ్చి అందులో పెడితే పని చేస్తుంది, కాకపోతే జెన్ 4 స్పీడుకే ఆగిపోతుంది. డబ్బులు జెన్ 5 వి, పని జెన్ 4 ది. పోనీ బోర్డు మారుద్దామంటే ఖర్చు ఇంకో మెట్టు ఎక్కుతుంది. అంతా చేసి వచ్చేదేమిటి? హార్డ్ డిస్క్ సెకనుకు 150 నుంచి 250 ఎంబీ చదువుతుంది. సాటా ఎస్‌ఎస్‌డీ 550 దగ్గర ఆగుతుంది. జెన్ 3 ఎన్‌వీఎంఈ 3,500, జెన్ 4 ఏడు వేల దాకా, జెన్ 5 పది వేలు దాటి చదువుతాయి. కాగితం మీద చూస్తే ఒక్కో మెట్టుకీ అంకె బాగా పెరుగుతుంది. కుర్చీలో కూర్చున్నవాడికి మాత్రం తేడా తెలిసేది మొదటి మెట్టు దగ్గరే, అంటే హార్డ్ డిస్క్ నుంచి ఎస్‌ఎస్‌డీకి మారినప్పుడు. జెన్ 4 కీ జెన్ 5 కీ మధ్య గేమ్ లోడయ్యే సమయంలో తేడా మహా అయితే ఒకటి రెండు సెకన్లు. పైగా జెన్ 5 డ్రైవులు బాగా వేడెక్కుతాయి. మన బెజవాడ మే నెలలో, ఏసీ లేని గదిలో, దానికి పెద్ద హీట్‌సింక్ (వేడి లాగే లోహపు పలక) కావాలి. వేడి 80 డిగ్రీల దరిదాపులకి వెళ్తే డ్రైవ్ తనంతట తనే నెమ్మదిస్తుంది. అబ్బాయికి ఈ లెక్క చూపించండి. కోడింగ్ చదివే పిల్లాడు కదా, ఒప్పుకుంటాడు.

ఇక షాపువాళ్ళ 256. పాత స్టాకు వదిలించుకోవడానికి ఇచ్చారని నేను అనను, చాలామంది కస్టమర్లు మొత్తం రేటు చూసే కొంటారు కాబట్టి వాళ్ళకి అలా ఇవ్వడం అలవాటు. కానీ అది మీకు చాలదు. 256 జీబీ అని డబ్బా మీద రాసింది కంప్యూటర్‌లో 238 అని కనబడుతుంది (కంపెనీ వెయ్యితో లెక్కేస్తుంది, విండోస్ 1024తో, ఎవరూ మోసం చేయలేదు). విండోస్, దాని అప్‌డేట్లు, ఆఫీసు, ట్యాలీ, అబ్బాయి ఆండ్రాయిడ్ స్టూడియో, దాని ఎమ్యులేటర్లు వేశాక మిగిలిన చోటులో ఒక్క పెద్ద గేమ్ పడుతుంది. ఇప్పుడు పెద్ద గేములు ఒక్కోటి 100 జీబీ దాటుతున్నాయి. ఆరు నెలల్లో మై కంప్యూటర్ తెరిస్తే సీ డ్రైవ్ గీత ఎర్రగా కనబడుతుంది. అప్పుడు మీరు నాలాంటివాడి దగ్గరికి వస్తారు. మేము టెంప్ ఫైళ్ళు ఊడ్చి నాలుగు జీబీ ఖాళీ చేసి మూడొందలు తీసుకుంటాం. మూడు వారాలకి మళ్ళీ వస్తారు.

చిన్న ఎస్‌ఎస్‌డీతో ఇంకో తిప్పలు ఉంది. లోపల మెమరీ చిప్పులు తక్కువ ఉంటాయి కాబట్టి ఒకేసారి రాసే దారులూ తక్కువే, అందుకే అదే మోడల్ 1 టీబీ కంటే 256 నెమ్మదిగా రాస్తుంది. చౌక రకాల్లో డీర్యామ్ (డ్రైవ్‌కి సొంతంగా ఉండే వేగమైన మెమరీ చిప్పు) కూడా ఉండదు. ఏ డేటా ఏ గదిలో ఉందో చూసుకునే పట్టిక కోసం ఎన్‌వీఎంఈ అయితే మీ కంప్యూటర్ ర్యామ్‌లోంచి కొన్ని పదుల ఎంబీ అప్పు తీసుకుంటుంది. సాటాకి ఆ వెసులుబాటు లేదు. అందుకే ఎన్‌వీఎంఈలో డీర్యామ్ లేకపోయినా ఇంటి వాడకానికి నేను పట్టించుకోను. సాటాలో లేకపోతే వద్దంటాను.

1 టీబీ ఎంచుకునేటప్పుడు గట్టిగా అడగాల్సింది ఒకే ఒక్క మాట: టీఎల్‌సీయా, క్యూఎల్‌సీయా? టీఎల్‌సీలో ఒక్కో గడిలో మూడు బిట్లు రాస్తారు, క్యూఎల్‌సీలో నాలుగు. నాలుగు కుక్కితే చౌక, కానీ రాయడం కష్టం, అరుగుదలా ఎక్కువ. ఈ లోపం కనబడకుండా కంపెనీలు కొంత భాగాన్ని తాత్కాలికంగా ఒక్క బిట్ పద్ధతిలో వాడతాయి. గుంటూరు మిర్చి యార్డు సీజన్‌లో చూసే ఉంటారు. ముందు ఖాళీ చోటు ఉన్నంతసేపు లారీలోంచి టిక్కీలు చకచకా దిగుతాయి. ఆ చోటు నిండాక, లోపలివి సర్దితే గానీ బయటివి దిగవు, లారీలు రోడ్డు మీద బారు తీరతాయి. క్యూఎల్‌సీ డ్రైవ్ కూడా అంతే. మొదటి కొన్ని పదుల జీబీ రాకెట్ లాగా వెళ్తుంది, ఆ తర్వాత హార్డ్ డిస్క్ కంటే కిందికి పడిపోయేవీ ఉన్నాయి. డ్రైవ్ నిండే కొద్దీ ముందున్న ఆ ఖాళీ చోటు కూడా తగ్గిపోతుంది. మీ ఆవిడగారు 80 జీబీ వీడియో కాపీకి పెట్టి కాఫీ తాగి వచ్చినా అది అక్కడే ఉంటుంది.

డబ్బా మీద టీఎల్‌సీ అని చాలామంది రాయరు. షాపులో కుర్రాణ్ణి అడిగితే "అన్నీ ఒకటే సార్" అంటాడు. అందుకని ఒక దొంగదారి: ఆ మోడల్ స్పెసిఫికేషన్‌లో టీబీడబ్ల్యూ అనే అంకె చూడండి. వారంటీ చెల్లాలంటే మొత్తం ఎన్ని టీబీల దాకా రాయొచ్చో అది చెప్తుంది. 1 టీబీ డ్రైవ్‌కి 600 దగ్గర ఉంటే సాధారణంగా టీఎల్‌సీ. 200 ప్రాంతంలో ఉంటే క్యూఎల్‌సీ అనుకోండి. ఎస్‌ఎస్‌డీలు అరిగిపోతాయట కదా అని కొందరు భయపడుతుంటారు, ఆ భయమూ ఈ అంకెతోనే తీరుతుంది. రోజుకి 30 జీబీ చొప్పున, పండగలూ సెలవులూ లేకుండా రాసినా 600 టీబీ అవ్వడానికి యాభై ఏళ్ళు దాటుతుంది. నా బల్ల మీదికి వచ్చిన చచ్చిన ఎస్‌ఎస్‌డీల్లో అరిగి చచ్చినవి నాకు గుర్తున్నంతలో లేవు. కంట్రోలర్ చిప్పు పోయి, నిన్న బాగున్నది ఇవాళ బయోస్‌లోనే (ఆన్ చేయగానే విండోస్ కంటే ముందు నడిచే ప్రోగ్రాం) కనబడకుండా పోయినవే అన్నీ. హార్డ్ డిస్క్ పోయేముందు టక్ టక్ అనో, ఫైళ్ళు తెరవడానికి మొరాయించో కొన్నాళ్ళు చెప్తుంది. ఎస్‌ఎస్‌డీ చెప్పదు.

ఆన్‌లైన్‌లో కొనేట్లయితే ఇంకో జాగ్రత్త. ఎం.2 అనేది ఆకారం పేరు మాత్రమే. 22 మిల్లీమీటర్ల వెడల్పు, 80 మిల్లీమీటర్ల పొడవు ఉన్న బద్దలో సాటా రకమూ ఉంది, ఎన్‌వీఎంఈ రకమూ ఉంది. పటమట నుంచి ఒకాయన చౌకగా దొరికిందని ఎం.2 తెప్పించుకుని, బోర్డు పాడైందంటూ సిస్టమ్ మోసుకొచ్చారు. బోర్డుకేమీ కాలేదు. ఆయన కొన్నది సాటా రకం, ఆ స్లాటు ఎన్‌వీఎంఈ తప్ప తీసుకోదు. కనెక్టర్ దగ్గర గాటు ఒకటే ఉంటే ఎన్‌వీఎంఈ, రెండు గాట్లుంటే చాలావరకు సాటా. ఇంకొకటి, సగం రేటుకి 16 టీబీ పోర్టబుల్ ఎస్‌ఎస్‌డీ అని కనబడితే వదిలేయండి. విప్పితే లోపల జిగురుతో అతికించిన మెమరీ కార్డు ఉంటుంది. 16 టీబీ అని అబద్ధం చెప్పేలా దాన్ని మార్చి పెడతారు. కార్డు నిండాక మీరు కాపీ చేసినవి చేసినట్టే కనబడతాయి, తెరిస్తే ఏమీ ఉండదు.

హార్డ్ డిస్క్ విషయంలో ఎక్కువ ఆలోచించకండి. ఇంటి డెస్క్‌టాప్‌కి వచ్చే 2 టీబీ డిస్కులు చాలావరకు ఎస్‌ఎంఆర్ రకం. పెంకుటింటి కప్పు మీద పెంకుల్లా రాత గీతలు ఒకదాని మీదికి ఒకటి కొంచెం ఎక్కి ఉంటాయి. మధ్యలో ఒక పెంకు మార్చాలంటే పైవి లేపి మళ్ళీ పేర్చాలి కదా, అలాగే పాత ఫైళ్ళ చోట కొత్తవి రాయాలంటే అది మూలుగుతుంది. ఒకసారి పెట్టి ఎప్పుడో చూసుకునే ఫొటోలకి అయితే ఫరవాలేదు. నాస్ (నెట్‌వర్క్ మీద అందరూ వాడుకునే డిస్కుల పెట్టె) పెట్టుకునేవాళ్ళు మాత్రం సీఎంఆర్ (గీతలు ఒకదాని మీదికి ఒకటి ఎక్కని రకం) అని అడిగి కొనాలి. 2020లో వెస్టర్న్ డిజిటల్ నాస్ కోసమని అమ్మే రెడ్ డ్రైవుల్లో కొన్ని ఎస్‌ఎంఆర్ అని బయటపడి పెద్ద గొడవే అయింది. మీకు నాస్ లేదు, దాటేద్దాం.

ఇప్పుడు ఆ మూడో డిస్క్.

2024 సెప్టెంబరు మొదటి వారంలో బుడమేరు ఊరి మీద పడ్డప్పుడు మీరూ ఇక్కడే ఉండి ఉంటారు. నీళ్ళు తీశాక సింగ్‌నగర్ వైపు నుంచి ఆటోల్లో సీపీయూలు మోసుకొచ్చేవారు. పక్క తలుపు తీస్తే లోపల ఫ్యాన్ రెక్కల మీద కూడా బురద పేరుకుని ఉండేది. ఒక టీచర్ గారు రెండు డిస్కులు తెచ్చారు. ఒకటి సిస్టమ్‌లోది, రెండోది పోర్టబుల్. ఆవిడ బద్ధకించలేదు, ప్రతి నెలా కాపీ తీసేవారట. కాకపోతే ఆ పోర్టబుల్ డిస్క్ కంప్యూటర్ టేబుల్ కింది సొరుగులోనే ఉంది. నీళ్ళు ముందు వచ్చింది సొరుగులోకే.

హార్డ్ డిస్క్ మూత మీద గుండుసూది తల అంత చిన్న రంధ్రం ఉంటుంది. దీన్ని మూయవద్దు అని పక్కనే రాసి ఉంటుంది కూడా. లోపలి గాలి, బయటి గాలి ఒత్తిడి సమానంగా ఉండటానికి అది. హీలియం నింపి సీలు వేసే పెద్ద సైజు డ్రైవులకి ఉండదు, ఇళ్ళలో వాడే వాటికి ఉంటుంది. వరద నీరు అందులోంచే లోపలికి పోతుంది. ఆవిడ రెండు డిస్కులూ హైదరాబాద్ రికవరీ ల్యాబుకి పంపాం. ఒకదాంట్లోంచి సగం ఫొటోలు వచ్చాయి. పోర్టబుల్‌లోంచి ఏమీ రాలేదు, ఎందుకంటే ఎవరో బంధువు దాన్ని రెండు రోజులు డాబా మీద ఎండబెట్టి, ఆరింది కదా అని ల్యాప్‌టాప్‌కి పెట్టి చూశాడు. తడిసిన డిస్కుని ఎండబెడితే బురద పళ్ళేల మీద గట్టిపడుతుంది. ఆ తర్వాత కరెంటు ఇస్తే డేటా చదివే తల వెళ్ళి ఆ బురదని గీకుతుంది. ఎప్పుడైనా ఆ పరిస్థితి వస్తే ఆరబెట్టకుండా తడిగానే కవర్లో కట్టి ల్యాబుకి పంపాలి. అదే వారం ఇంకో ఇంటి ఎస్‌ఎస్‌డీ ఒకటి ఐపీఏతో (ఐసోప్రొపైల్ ఆల్కహాల్) కడిగి, బాగా ఆరబెట్టి పెడితే లేచింది. అదృష్టం, అంతే. ఎస్‌ఎస్‌డీ వరదని తట్టుకుంటుందని ఎవరికీ చెప్పను.

అందుకని పోర్టబుల్ డిస్క్ ఇంట్లో ఉంచవద్దు. గుంటూరులో మీ తమ్ముడుగారు ఉన్నారని రాశారు కదా, అక్కడ ఉంచండి. సంక్రాంతికీ దసరాకీ ఎటూ వెళ్తారు. వెళ్ళినప్పుడు తెచ్చుకుని, కొత్త ఫొటోలు ఎక్కించి, ఆలస్యం చేయకుండా తిరిగి అక్కడికే చేర్చండి. మధ్యలో తీసిన ముఖ్యమైన నాలుగు ఫొటోలు గూగుల్ డ్రైవ్‌లోనో మరోచోటో పడేసుకుంటే చాలు. బీరువాలో దాచడానికి ఎస్‌ఎస్‌డీ కంటే హార్డ్ డిస్కే మేలు, ఎందుకంటే కరెంటు లేకుండా చాలాకాలం, అదీ వేడి గదిలో, పడి ఉంటే ఎస్‌ఎస్‌డీలో రాత మెల్లగా చెదిరే అవకాశం ఉంది.

రేట్లు నేను రాయడం లేదు, ఏఐ డేటా సెంటర్లు మెమరీ చిప్పులన్నీ ఎత్తుకుపోతుండటంతో 2025 చివర్నుంచీ వారానికో రేటు నడుస్తోంది. 2011లో థాయ్‌లాండ్ వరదలకి హార్డ్ డిస్క్ ఫ్యాక్టరీలు మునిగినప్పుడు కూడా ఇలాగే అయింది, పొద్దున చెప్పిన రేటు సాయంత్రానికి ఉండేది కాదు. బడ్జెట్ మరీ బిగుసుకుపోతే లోపలి 2 టీబీ హార్డ్ డిస్క్ ఇప్పుడు ఆపేసి, 400 జీబీ ఫొటోలు ఎన్‌వీఎంఈలోనే పెట్టుకోండి. 1 టీబీ అంటే 931 కనబడుతుంది, ఒకటి రెండు గేములతో సర్దుకోమనండి అబ్బాయిని. పోర్టబుల్ మాత్రం ఆపకండి.

బిగించే రోజు షాపులో కూర్చోండి, సిగ్గుపడకండి. ఎం.2 స్లాట్లు రెండో మూడో ఉంటాయి. ప్రాసెసర్‌కి దగ్గరగా ఉన్నదాంట్లో మెయిన్ డ్రైవ్ పెట్టమనండి. కొన్ని బోర్డుల్లో ఒక ఎం.2 స్లాటు నింపితే ఒకటి రెండు సాటా పోర్టులు పనిచేయవు, అది మాన్యువల్‌లో ఉంటుంది. హార్డ్ డిస్క్ కనబడటం లేదు, డిస్కే పోయింది అని తేల్చేముందు కేబుల్ వేరే పోర్టుకి మార్చి చూడాలి. బోర్డుతో వచ్చిన హీట్‌సింక్ పలక కింద మెత్తటి ప్యాడ్ ఉంటుంది, దాని మీద పల్చటి ప్లాస్టిక్ పొర. ఆ పొర తీయకుండా బిగించేస్తారు. నేనూ ఒకసారి చేశాను, రెండు వారాల తర్వాత వేడెక్కుతోందని సిస్టమ్ తిరిగొస్తే విప్పి చూసి నాలుక కరుచుకున్నాను.

విండోస్ వేసేటప్పుడు హార్డ్ డిస్క్ కేబుల్ పీకి, ఎన్‌వీఎంఈ ఒక్కటే ఉంచి వేయించండి. రెండూ ఉంటే ఒక్కోసారి బూట్ భాగం (విండోస్‌ని లేపేది) వెళ్ళి హార్డ్ డిస్క్‌లో కూర్చుంటుంది. ఏడాది తర్వాత ఆ డిస్క్ తీస్తే విండోస్ లేవదు, ఎందుకు లేవడం లేదో ఎవరికీ అర్థం కాదు. విండోస్ 11 కొత్త వెర్షన్లు, మైక్రోసాఫ్ట్ అకౌంటుతో లాగిన్ అయితే, మిమ్మల్ని అడగకుండానే డ్రైవ్‌కి తాళం వేసే అవకాశం ఉంది. తర్వాత బోర్డు మార్చినా, బయోస్ అప్‌డేట్ చేసినా 48 అంకెల రికవరీ కీ అడగొచ్చు. ఆ కీ అకౌంటులో ఉంటుంది, ఒక కాగితం మీద ప్రింట్ తీసి ఇంటి పత్రాలతో పాటు పెట్టుకోండి. ఈ మధ్య డేటా పోయిందని వచ్చేవాళ్ళలో డ్రైవ్ బాగానే ఉండి, కీ లేక ఏడ్చేవాళ్ళు కూడా ఉంటున్నారు.

మీ ట్యాలీ గురించి ఒక్క మాట. ట్యాలీప్రైమ్ డేటా మనం మార్చకపోతే సీ డ్రైవ్‌లో యూజర్స్ కింద పబ్లిక్ ఫోల్డర్‌లో ఉంటుంది. డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్ కాపీ చేసి ఫార్మాట్ కొట్టేసే కుర్రాళ్ళకి అక్కడ చూడాలని తట్టదు. వన్‌టౌన్ వ్యాపారి ఒకాయనకి మూడేళ్ళ పద్దులు అలాగే పోయాయి. పాత సిస్టమ్ నుంచి మార్చేటప్పుడు ట్యాలీలోంచే బ్యాకప్ తీసి, కొత్తదాంట్లో రీస్టోర్ చేసి, నిరుటి బ్యాలెన్స్ షీట్ ఒకటి తెరిచి చూసుకోండి.

బిల్లు మీద మూడు డ్రైవుల సీరియల్ నంబర్లూ రాయించుకోండి. అక్కడే క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో (డ్రైవ్ ఆరోగ్యం చూపే ప్రోగ్రాం) పెట్టించి, ఎన్ని గంటలు నడిచిందో చూడండి. కొత్త డ్రైవ్‌లో ఆ అంకె సున్నాకో ఒకటికో దగ్గరుండాలి. వందల్లో, వేలల్లో ఉంటే అది ఎవరో వాడి తీసేసింది, అక్కడికక్కడే తిరిగిచ్చేయండి. వారంటీ అంటే పోయిన డ్రైవ్ బదులు ఇంకో డ్రైవ్ ఇస్తారు, మీ ఫొటోలు ఇవ్వరు. అదీగాక మీ ఫొటోలున్న డ్రైవ్ వాళ్ళ చేతికి పోతుంది.

పాత కంప్యూటర్ ఎక్స్ఛేంజ్‌లో ఇచ్చేస్తానన్నారు. ఇవ్వండి, కానీ లోపలి హార్డ్ డిస్క్ పీకేసుకుని ఇవ్వండి. నాలుగు స్క్రూలు, రెండు కేబుళ్ళు, ఐదు నిమిషాల పని. ఎక్స్ఛేంజ్ రేటులో ఓ ఐదొందలు తగ్గిస్తామంటారు, తగ్గించనివ్వండి. దాన్ని కొత్త సిస్టమ్‌లో బిగించొద్దు, ఫార్మాట్ కొట్టొద్దు. ఫొటోలు కొత్త డిస్క్‌లోకీ పోర్టబుల్‌లోకీ ఎక్కాక, ఒక్కో సంవత్సరం ఫోల్డర్‌లోంచి పది ఫొటోలు, రెండు వీడియోలు తెరిచి చివరిదాకా ఆడుతున్నాయో లేదో చూడండి. పోర్టబుల్ గుంటూరు చేరేదాకా ఆ పాత డిస్క్‌ని పాత న్యూస్‌పేపర్లో చుట్టి అటక మీద పెట్టండి. కింది సొరుగులో మాత్రం వద్దు.